వీడ్కోలు పాట ఎవరి కోసం?



హైదరాబాదులో అబిడ్స్ జీపీవో దగ్గర బస్సు దిగి గన్‌ఫౌండ్రీ వైపు నడిస్తే పునీత యోసేపుగారి ప్రధాన దేవాలయం కనబడుతుంది. 1870లో పునాదిరాయి పడి 1875 నాటికి పూర్తయిన ఆలయం అది. అక్కడికి నడిచే దూరంలోనే అబిడ్స్‌లో సి.యస్.ఐ. వారి సెయింట్ జార్జి దేవాలయం ఉంది. చాపెల్ రోడ్డు మీద మెథడిస్టు సోదరులు స్థాపించిన బాలికల పాఠశాల ఉంది. ఇటు తిరిగితే నాంపల్లి స్టేషను. ఈ పేటలో పుట్టి పెరిగిన మన పిల్లలకు పాట కొత్త కాదు. తమ గుడిలోని పాటలతో పాటు పొరుగు గుడులలోని పాటలూ వారికి నోటికి వస్తాయి.

ఆ చుట్టుపక్కల ఒక విచారణలో పాడే గాయక బృందం యువతీయువకులు ఈ మధ్య నన్ను కలిశారు. పదేళ్లుగా కలిసి పాడినవారు.

"మాస్టారూ, మా బృందం ఇక సాగేలా లేదు. ఒకరు బెంగుళూరు వెళ్తున్నారు, ఒకరు కెనడా వెళ్తున్నారు. కీబోర్డు వాయించే అమ్మాయికి పెళ్లి కుదిరింది. విడిపోయేలోగా చివరి ఆల్బం ఒకటి రికార్డు చేద్దామనుకుంటున్నాం. మాకు హార్మోనియం నేర్పిన తాతగారు మొన్న తపస్సు కాలంలో కన్నుమూశారు కదా, దాన్ని ఆయనకు అంకితం ఇస్తాం. అందులో ఏ పాటలు పెడితే బాగుంటుందో చెప్పండి" అన్నారు.

వారికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వీడ్కోలు పాట అంటే ఏమిటి? దానిని ఎవరు పాడాలి? ఎవరి కోసం పాడాలి? ఈ ప్రశ్నలు ఒక్క గాయక బృందానివే కావు. ఇంట్లో ఒకరు మరణించిన ప్రతి కుటుంబమూ ఏదో ఒక రోజు ఎదుర్కొనే ప్రశ్నలివి. కాబట్టి ఈ వారం మనమందరం కలిసి ఆలోచిద్దాం.

వేకో పట్టణం నుంచి ఒక రిక్వియం

పాశ్చాత్య దేశాలలో క్రైస్తవ గీతాలు పాడే పాప్, రాక్ బృందాలు చాలా ఉన్నాయి. అవి విడిపోయేటప్పుడు వీడ్కోలు ఆల్బం తీసుకురావడం వాడుక. అమెరికాకు చెందిన ఆడియో అడ్రినలిన్ అనే బృందం, ప్రధాన గాయకుని గొంతు దెబ్బతినడంతో పాటలు ఆపివేయాలని నిర్ణయించుకుని, 2006లో తమ ప్రసిద్ధ గీతాలన్నిటినీ ఒకచోట చేర్చి విడుదల చేసింది. ఇంగ్లండుకు చెందిన డెలిరియస్ బృందం 2009 నవంబరులో లండన్‌లో చివరి కచేరీ చేసి, దానినే రికార్డుగా తెచ్చింది. ఇవి మనకు సులభంగా అర్థమయ్యే పద్ధతులే. ఇన్నాళ్లూ ఆదరించిన శ్రోతలకు కృతజ్ఞత చెప్పుకోవడం, మంచి పాటలను మరొకసారి వినిపించడం.

అయితే డేవిడ్ క్రౌడర్ బ్యాండ్ అనే బృందం మాత్రం వేరే దారి తొక్కింది. టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణంలో బేలర్ అనే బాప్టిస్టు విశ్వవిద్యాలయం ఉంది. ఆ ఊళ్లో విద్యార్థుల కోసం 1995లో యూనివర్సిటీ బాప్టిస్టు చర్చి మొదలైంది. దాని స్థాపకులలో ఒకరైన డేవిడ్ క్రౌడర్ అక్కడి ఆరాధనలో పాటలు నడిపించేవాడు. ఆ ఆరాధన నుంచే ఈ బృందం పుట్టింది. అంటే ఇదీ మొదట ఒక సంఘానికి చెందిన గాయక బృందమే, మన పిల్లల బృందం వంటిదే!

ఆ సంఘం ఒక పెద్ద దుఃఖాన్ని చవిచూసింది. 2005 అక్టోబరు 30, ఆదివారం. ఆ చర్చి పాస్టరు కైల్ లేక్ బాప్టిస్మపు తొట్టిలో నిలబడి ఉండగా, మైకు తాకి విద్యుదాఘాతంతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్లు. జ్ఞానస్నానమిచ్చే నీళ్లలోనే, ప్రార్థనకు వచ్చిన బిడ్డలందరి కళ్లముందే కాపరి కూలిపోయాడు. 2012లో వచ్చిన ఆల్బం ఆ మరణం వల్లనే పుట్టిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కాని ఆ పాటలు పాడినవారికి మరణం పుస్తకంలో చదివిన సంగతి కాదని మాత్రం మనం గుర్తుంచుకోవాలి.

2011లో ఆ బృందం తాము విడిపోతున్నామని ప్రకటించింది. చివరి ఆల్బం 2012 జనవరి 10న విడుదలైంది. రెండు డిస్కులు, 34 ట్రాకులు. దాని పేరు "గివ్ అజ్ రెస్ట్", అంటే "మాకు విశ్రాంతినివ్వు". ఆ పేరు పక్కనే మరొక పేరు కూడా పెట్టారు. ఇది సి స్థాయిలో కూర్చిన రిక్వియం పూజ అనీ, ఆ స్థాయి అన్నిటికంటే ఆనందకరమైనదనీ ఆ రెండవ పేరు భావం. అమెరికాలో అన్ని రకాల ఆల్బంలనూ కలిపి లెక్కించే బిల్‌బోర్డు పట్టికలో అది రెండవ స్థానం అందుకుంది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రిక్వియం ఎవరిది? మరణించిన విశ్వాసుల కోసం కతోలిక తిరుసభ అర్పించే దివ్యబలిపూజ అది. మరణించినవారి కోసం ప్రార్థించే ఆచారమే లేని బాప్టిస్టు సోదరులు, గిటార్లూ డ్రమ్సూ వాయించే యువకులు, తమ ప్రయాణం ముగిసే వేళ మన అమ్మమ్మల కాలపు లాటిను పూజను వెదికి పట్టుకున్నారు. మన ఇంటి అటక మీద దుమ్ము పట్టిన ఇత్తడి దీపాన్ని పొరుగువారు అడిగి తీసుకుని, తోమి, వెలిగించినట్లు లేదూ? ఆ వెలుగులో మన దీపాన్ని మనమూ ఒకసారి చూసుకుందాం.

రిక్వియం పూజలో ఏముంది?

"రిక్వియం" లాటిను మాట. విశ్రాంతి అని అర్థం. మృతుల పూజలో ప్రవేశ గీతం ఆ మాటతోనే మొదలయ్యేది కనుక పూజ మొత్తానికీ ఆ పేరు వచ్చింది. ఆ ప్రవేశ గీతంలోని మాటలకు మూలం ఎస్రా నాల్గవ గ్రంథం రెండవ అధ్యాయం అని పండితులు చెబుతారు. ఆ గ్రంథం మన బైబులులో చేరలేదు, అయినా దానిలోని ప్రార్థన తిరుసభ నోట శతాబ్దాలుగా నిలిచిపోయింది.

రెండవ వాటికన్ మహాసభకు ముందు ఈ పూజ వరుస ఇలా ఉండేది. ప్రవేశ గీతం, ప్రభువు కనికరాన్ని వేడుకొనే గ్రీకు ప్రార్థన "కీరియె", పఠనాల మధ్య గీతాలు, ఆ తరువాత "దియెస్ ఇరే" అనే దీర్ఘ గీతం, అర్పణ గీతం, "పరిశుద్ధుడు", "దేవుని గొర్రెపిల్ల", దివ్యసత్ప్రసాద గీతం. చివర మృతదేహం వద్ద ప్రార్థన, సమాధికి తీసుకుపోయేటప్పుడు పాడే పరలోక గీతం. మహిమ గీతమూ విశ్వాస సంగ్రహమూ ఈ పూజలో ఉండవు.

"దియెస్ ఇరే" అంటే ఉగ్రత దినం. అంతిమ తీర్పును కళ్లకు కట్టే గీతం. 13వ శతాబ్దంలో పునీత ఫ్రాన్సిసువారి సభకు చెందిన చెలానో తోమాసు దీనిని రాశాడని సంప్రదాయంగా చెబుతారు. మహా సంగీతకర్తలు ఈ రిక్వియం పాఠానికి తమ సంగీతం కూర్చారు. మోజార్టు 1791లో తన రిక్వియం పూర్తి చేయకుండానే మరణించగా, ఆయన శిష్యుడు సూస్‌మాయరు దానిని ముగించాడు. ఇటలీలో వెర్ది కూర్చిన రిక్వియం 1874లో వినిపించింది. ఫ్రాన్సులో ఫోరే 1888లో వినిపించిన రిక్వియంలో ఉగ్రత గీతంలో చాలా భాగాన్ని విడిచిపెట్టి, పరలోక గీతాన్ని చేర్చాడు.

1963లో వాటికన్ మహాసభ వెలువరించిన దైవార్చన సంవిధానం, 81వ అంశంలో, క్రైస్తవుని మరణంలోని పాస్కా భావాన్ని, అంటే క్రీస్తుతో మరణించి క్రీస్తుతో లేవడాన్ని, భూస్థాపన కర్మలు మరింత స్పష్టంగా చూపాలని కోరింది. దాని ప్రకారం 1969లో కొత్త భూస్థాపన క్రమం వచ్చింది. ఉగ్రత గీతాన్ని మృతుల పూజ నుంచి తొలగించారు. అది పూర్తిగా పోలేదు. సామాన్య కాలం చివరి వారంలో గురువులూ మఠవాసులూ చెప్పుకొనే దైనందిన ప్రార్థనలలో దానికి చోటు దొరికింది. మృతుల పూజలో అల్లెలూయా మళ్లీ వినిపించింది. వస్త్రాల రంగు నలుపు ఒక్కటే కానక్కరలేదు, ఊదా రంగు వాడవచ్చు, కొన్ని దేశాలలో తెలుపు కూడా అనుమతించారు.

ఇప్పుడు క్రౌడర్ బృందం ఏమి చేసిందో చూడండి. వారి మొదటి ట్రాకు పేరు మన పాత ప్రవేశ గీతపు లాటిను మాటలే. తరువాత "కీరియె" ఉంది. పాత పూజలో ఉగ్రత గీతం వచ్చే చోట ఏడు భాగాల వరుస ఉంది. పరిశుద్ధ గీతమూ, సత్ప్రసాదాన్ని తలచే పాటా ఉన్నాయి. గోధుమగింజ మట్టిలో పడి చావకపోతే ఫలించదని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను గుర్తుచేసేలా, "ఐ యామ్ ఎ సీడ్" అనే పేరుతో ఒక పాట కూడా ఉంది. అంటే "నేను విత్తనాన్ని" అని. పల్లెటూరి గీతాలు, పాత కీర్తనలు, కరెంటు గిటార్లు అన్నీ అందులో కలిసిపోయాయి.

ఆ సి స్థాయి సంగతి మన సంగీతం తెలిసినవారికి తేలికగా అర్థమవుతుంది. సి మేజరు స్వరాల వరుస మన శంకరాభరణం మేళకర్త స్వరాల వరుసే. బడిలో పిల్లలకు హార్మోనియం నేర్పేటప్పుడు తెల్ల మెట్లమీద మొదట వాయించేది ఇదే. మోజార్టు తన రిక్వియాన్ని దుఃఖం ధ్వనించే డి మైనరులో కూర్చాడు. ఈ బృందంవారు మాత్రం మృతుల పూజను పిల్లల తొలి పాఠం లాంటి స్థాయిలో పెట్టామని చెప్పుకున్నారు. అది చమత్కారంగా పెట్టిన పేరే కావచ్చు, కాని అందులో సువార్త ఉంది. సమాధి దగ్గర అల్లెలూయా పాడే తిరుసభ చెప్పేదీ ఇదే కదా!

"మాకు" – "వారికి"

పొరుగువారి మంచిని మనసారా మెచ్చుకోవాలని వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యతను గురించిన తన ప్రకటనలో మనకు నేర్పింది. కనుక మెచ్చుకుందాం. అయితే మెచ్చుకుంటూనే ఒక చిన్న మాట దగ్గర ఆగుదాం.

ఆ ఆల్బం పేరులో ఉన్నది "మాకు". మాకు విశ్రాంతినివ్వు అని. మన పాత పూజలో ఉన్నది "వారికి". మామూలు పూజలో దేవుని గొర్రెపిల్లను పిలిచి మనం మూడు సార్లు వేడుకుంటాం కదా. మొదటి రెండు సార్లు మనమీద దయ చూపమనీ, మూడవసారి మనకు శాంతినివ్వమనీ అడుగుతాం. పాత మృతుల పూజలో ఆ ప్రార్థన కూడా మారిపోయేది. మూడు సార్లూ "వారికి" విశ్రాంతినివ్వమనే అడిగేవారు. ఆ రోజున తిరుసభ తన సంగతి పక్కన పెట్టి, శవపేటికలో ఉన్న బిడ్డ కోసం మాత్రమే అడిగేది.

అలసిపోయిన గాయకులు "మాకు విశ్రాంతి" అని అడగడంలో తప్పు లేదు. భారం మోసి అలసినవారిని తన వద్దకు రమ్మన్నవాడు ప్రభువే. కాని "వారికి" అని అడగడానికి మరొక విశ్వాసం కావాలి. మరణం మన ప్రేమకు గోడ కాదని, చనిపోయినవారు మన ప్రార్థనకు అందే దూరంలోనే ఉన్నారని నమ్మాలి. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం తీసి చదవండి. యుద్ధంలో మరణించినవారి పాపాల కోసం యూదా మక్కబీయుడు చందా వసూలు చేసి, యెరూషలేములో బలి అర్పించడానికి పంపాడు. పునరుత్థానం మీద ఆశ ఉన్నందువల్లనే ఆయన అలా చేశాడని గ్రంథకర్త మెచ్చుకుంటాడు. ఈ గ్రంథం బాప్టిస్టు సోదరుల బైబులులో లేదు. మనకున్నది. ఉన్నవారికి బాధ్యత ఎక్కువ.

పునీత అగస్టీనువారి తల్లి మోనికమ్మ 387లో ఓస్టియా రేవు పట్టణంలో మరణశయ్య మీద ఉన్నప్పుడు, తన శరీరాన్ని ఎక్కడ పెట్టినా ఫరవాలేదంది. ప్రభువు బలిపీఠం దగ్గర తనను జ్ఞాపకం చేసుకోవాలని మాత్రం కోరింది. సుమారు 998లో క్లూనీ మఠాధిపతి ఒడిలో నవంబరు 2ను మృతులందరి స్మరణదినంగా తన మఠాలలో ఏర్పాటు చేశాడు. 1915లో, ప్రపంచ యుద్ధంలో యువకులు గుంపులు గుంపులుగా చనిపోతున్న రోజులలో, పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆ దినాన ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చని అనుమతించారు. ఆ ఏర్పాట్లన్నీ "వారికి" అన్న మాట నుంచి పుట్టినవే.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా కథ ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం నేను ఒక గాయక బృందాన్ని నడిపించేవాడిని. మా విచారణలో ఒక పెద్దాయన చనిపోయారు. మా బృందమంటే ఆయనకు ప్రాణం. అందుకని ఆయన పూజకు మేము కొత్త పాటలు సిద్ధం చేసుకున్నాం. కీబోర్డు, గిటారు, తబలా అన్నీ తెచ్చాం. కీర్తన స్థానంలో కూడా మాకు బాగా పేరు తెచ్చిన పాటనే పెట్టాం. చివరి ప్రార్థన జరుగుతుండగా, గురువుగారు పెట్టె చుట్టూ తీర్థం చల్లుతుంటే, మేము ఒక పాటకు పూర్వసంగీతం వాయిస్తున్నాం. జనం కళ్లు మా వైపే తిరిగాయి. గుడి బయట ఇద్దరు ముగ్గురు నా చేయి పట్టుకుని "అదరగొట్టారు" అన్నారు.

మూడో రోజున పరామర్శకు వెళ్లాను. ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. కాసేపటికి మెల్లగా అంది: "బాబూ, పాటలు బాగా పాడారు. ఆయనను దేవుడి చేతికి అప్పగించే పాట ఎప్పుడు పాడతారా అని చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియలేదు."

ఆమె నన్ను తప్పు పట్టలేదు. అందుకే ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటుంది. ఆ రోజు మేము పాడింది మా పాటలు. ఆమెకు కావలసింది ఆయన పాట. ఒక మనిషికి భూమి మీద ఒక్కసారే జరిగే పూజను మేము మా కచేరీ చేసుకున్నాం.

తిరుసభ దగ్గర ఉన్న వీడ్కోలు పాట

ఆ తరువాత 1969 నాటి భూస్థాపన క్రమం పీఠికను తీసి చదివాను. అప్పుడు తెలిసింది, వీడ్కోలు పాట అనేది తిరుసభ దగ్గర ఎప్పటినుంచో ఉందని! పూజ ముగిశాక మృతదేహం వద్ద జరిగే కర్మకు "చివరి అప్పగింత, వీడ్కోలు" అని పేరు. అందులో ఒక గీతం ఉంది. దానిని అందరూ కలిసి పాడాలని, ఆ కర్మ అంతటికీ అదే శిఖరమని అందరికీ తెలియాలని పీఠికలోని 10వ అంశం చెబుతుంది. ఆ పాటలో మనం చనిపోయినవారి గొప్పతనం చెప్పం. మన బాధ కూడా చెప్పుకోం. ఈ బిడ్డను ఎదుర్కొని తీసుకుపొమ్మని పునీతులనూ దేవదూతలనూ పిలుస్తాం.

నాంపల్లి స్టేషనులో బిడ్డను రైలెక్కించే తల్లిని చూశారా? బండి కదిలేలోగా ఆమె తన గురించి ఏమీ మాట్లాడదు. అన్నం మూట చేతిలో పెడుతుంది, నీళ్ల సీసా ఉందో లేదో చూస్తుంది, ఆ ఊళ్లో దిగగానే ఎదురొచ్చేవారికి కబురు పెట్టానని చెబుతుంది. తిరుసభ అటువంటి తల్లి. మరణించబోయే బిడ్డకు ఇచ్చే చివరి దివ్యసత్ప్రసాదాన్ని లాటినులో "వియాటికుం" అంటారు. దారిలో తినడానికి కట్టిచ్చే సద్దిమూట అని దాని అర్థం. వీడ్కోలు పాట అవతలి గట్టున ఎదురొచ్చేవారికి పంపే కబురు.

మన విచారణలలో ఈ కబురు సరిగా అందడానికి కొన్ని సంగతులు గుర్తుంచుకుందాం.

ఒకటి: పాటలు ఎన్నుకునేటప్పుడు "ఇది ఎవరితో మాట్లాడుతున్నది?" అని అడగండి. దేవునితో మాట్లాడుతూ మృతుని కోసం అడిగే పాటకు మొదటి స్థానం ఇవ్వండి. చనిపోయినవారికి ఇష్టమైన ఇతర పాటలను ఇంటి వద్ద ప్రార్థనలో పాడుకోవచ్చు.

రెండు: పఠనాల మధ్య వచ్చేది కీర్తన. అది దైవవాక్కులో భాగం. దాని స్థానంలో వేరే పాట పెట్టకండి. పల్లవి చిన్నదిగా ఉంటే ఏడుస్తున్న కుటుంబం కూడా అందుకోగలదు.

మూడు: వాద్యాలు. 1967లో వెలువడిన పవిత్ర సంగీత ఆదేశం 66వ అంశం ప్రకారం మృతుల పూజలలో పాట లేకుండా వాద్యం మాత్రమే వాయించడానికి అనుమతి లేదు. వాద్యం గొంతుకు ఊతం ఇవ్వడానికే. మౌనం వచ్చినచోట కీబోర్డుతో నింపకండి. ఆ మౌనంలో ఒక భార్య తన భర్త కోసం దేవునితో మాట్లాడుతుండవచ్చు.

నాలుగు: ప్రసంగం. రోమను పూజా గ్రంథపు సామాన్య నియమాలు 382వ అంశంలో భూస్థాపన పూజలో చిన్న ప్రసంగం ఉండాలని, అది మృతుని పొగిడే ప్రసంగం కారాదని చెబుతాయి. పొగడ్త ప్రసంగానికి చోటు లేని పూజలో పొగడ్త పాటకు చోటెక్కడ?

ఐదు: నవంబరు నెల. ఆ నెల 1 నుంచి 8 వరకు శ్మశానవాటికను దర్శించి మృతుల కోసం ప్రార్థించేవారు, పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన అనే మామూలు నియమాలను పాటిస్తూ, పాపం మీద ఏ ఆశా లేని మనసుతో, ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం పరిపూర్ణ ఫలాన్ని పొందవచ్చు. సమాధికి సున్నం వేయించడం, పూలదండలు వేయడం మంచిదే. ఆ పక్కన నిలబడి పేరు పెట్టి ప్రార్థించడం అంతకంటే మంచిది.

ఆ పిల్లలకు నేను చెప్పిన జవాబు

వారం తరువాత ఆ యువతీయువకులను మళ్లీ కలిశాను. క్రౌడర్ బృందం సంగతి అంతా చెప్పాను. ఒకరికి ఆ పాటలు ముందే తెలుసు, అది మన పూజ వరుస అని మాత్రం తెలియదు. తరువాత ఇలా చెప్పాను.

"ఆల్బం చేసుకోండి, నేను వద్దనను. మీ పదేళ్ల స్నేహానికి అది జ్ఞాపకంగా ఉంటుంది. కాని ముందు మూడు పనులు చేయండి. మొదటిది, తాతగారి పేరున ఒక పూజ చెప్పించండి. దానికి మీరందరూ కలిసి రండి. మైకులు లేకుండా, జనం మధ్య కూర్చుని, జనంతో పాటు పాడండి. ఆయనకు అంకితం అక్కరలేదు, ప్రార్థన కావాలి. రెండవది, మీ పాటల నోటు పుస్తకాలన్నీ గుడిలో అప్పగించండి. ఏ పాటకు ఏ శ్రుతో రాసి పెట్టండి. మూడవది, వెళ్లేలోగా ఉపదేశం తరగతి పిల్లలలో పదిమందికి వీడ్కోలు గీతం నేర్పండి."

"అంత చిన్నపిల్లలకా మాస్టారూ? చావు పాట నేర్పమంటారా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"అవునమ్మా. మనలో ఎవరి పాట ఎవరు పాడతారో మనకు తెలియదు. తాతగారు మీకు హార్మోనియం నేర్పినప్పుడు, తన పెట్టె పక్కన మీరే నిలబడతారని అనుకున్నారా? ఆయన నేర్పిన చేతులే ఆయన కోసం మోగాయి" అన్నాను.

ఆ మాటకు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి మాత్రం కళ్లు తుడుచుకుని, "ఆ పూజకు తారీకు చెప్పండి, పెళ్లికి ముందే పెట్టుకుందాం" అంది.

పాప్ బృందానికీ విచారణ గాయక బృందానికీ తేడా ఇక్కడే ఉంది. పాప్ బృందం తన చివరి పాట తానే పాడుకుని వెళ్లాలి. దాని తరువాత ఆ పేరుతో పాడేవారు సాధారణంగా ఉండరు. డేవిడ్ క్రౌడర్ 2014లో తన సొంత ఆల్బంతో వచ్చాడు. మిగిలినవారిలో నలుగురు "ది డిజిటల్ ఏజ్" అనే పేరుతో పాడారు. పాత పేరు మాత్రం ఆ రిక్వియంతో ఆగిపోయింది. విచారణ గాయక బృందానికి చివరి పాట అనేది లేదు. పాడేవారు మారతారు, పాట ఆగదు. మనలో ఒక్కొక్కరి చివరి పాటను మనం పాడుకోం. మన తరువాతివారు మన కోసం పాడతారు. వారికి దాన్ని నేర్పి వెళ్లడమే మన పని.

వేకో పట్టణపు యువకులకు మనం కృతజ్ఞులమై ఉండాలి. మన ఇంట్లో ఉన్నదేమిటో వారి పాట మనకు గుర్తుచేసింది. వారు అడిగిన విశ్రాంతిని ప్రభువు వారికీ, వారి కాపరి కైల్ లేక్‌కూ, మనం ప్రేమించి పోగొట్టుకున్న అందరికీ దయచేయాలని ఈ రాత్రి మన కుటుంబ ప్రార్థనలో అడుగుదాం.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మన ఇంట్లో చనిపోయినవారి పేర్లు మన పిల్లలకు తెలుసా? తాతముత్తాతల పేర్లు ఒక కాగితం మీద రాసి, పేరు పేరునా ప్రార్థించగలమా?

2. మన విచారణలో వీడ్కోలు గీతం అందరూ కలిసి పాడగలరా? లేకపోతే నేర్పేవారు ఎవరు?

3. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం 38వ వచనం నుంచి చివరి వరకు చదవండి. యూదా ఎవరి కోసం, ఏ ఆశతో బలి పంపాడు?

4. గత సంవత్సరంలో మన వీధిలో ఎవరైనా ఆప్తులను పోగొట్టుకున్నారా? వారు ఏ సంఘానికి చెందినవారైనా సరే, ఈ ఆదివారం పూజ తరువాత ఒక్కసారి వారి ఇంటికి వెళ్లి రాగలమా?